మరచిపొమ్మన్న బండి

1985లో హీరో హోండా సీడీ హండ్రెడ్ బజార్లోకి వచ్చినప్పుడు కంపెనీ వాళ్లు జనానికి ఇచ్చిన సలహా మూడు ముక్కల్లో తేలిపోయింది. పెట్రోలు పోయించండి, మూత బిగించండి, మరచిపోండి. ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’ అని ఇంగ్లీషులో లయగా ఉండేది. ప్రకటనల్లో ఇచ్చిన మాట ఇంతగా నిలబడ్డ సందర్భం నాకు ఇంకోటి తట్టదు. జనం చక్కగా మరచిపోయారు. ఆ బండి మీద బ్యాంకులకూ బళ్లకూ వెళ్లారు. ట్యాంకు మీద పెద్దపిల్లని, వెనక భార్యని, ఆవిడ ఒళ్లో చంటివాణ్ని కూర్చోబెట్టుకుని తిరునాళ్లకు వెళ్లారు. గ్యాసు బండ మోశారు, పెళ్లి సంబంధాలు చూసొచ్చారు. దాని కడుపులో ఏముందో చూడాల్సిన అవసరం మాత్రం వాళ్లకు రాలేదు.

నేను ఆ బండినే కొన్నాను, కడుపులో ఏముందో చూడటానికి.

నేను కొన్న మొదటి పాత మోటారు సైకిలు అదే. 1992 నాటిది. ఏపీ 7 నంబరు, అంటే గుంటూరు జిల్లా. నడవదు. నడవదని తెలిసే కొన్నాను. ఇలా మూలపడ్డ బండిని తెచ్చి, విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించే ముచ్చటని ఈ మధ్య కుర్రాళ్లు ‘ప్రాజెక్ట్ బైక్’ అంటున్నారు. మా నాన్నగారి తరంలో దీన్ని పనీపాటా లేకపోవడం అనేవాళ్లు.

మిత్రులు మాత్రం నేను ప్రాజెక్టు మొదలుపెట్టినందుకు కాదు, బండి ఎంపికకి నవ్వారు. “ప్రాజెక్టంటే ఆర్ఎక్స్ హండ్రెడ్ ఉండాలి గానీ, ఈ గుమాస్తా బండి ఏంట్రా?” అన్నాడు ఒకడు. వాడి బాధ అర్థమైంది. మోజు పడటానికి సీడీ హండ్రెడ్‌లో ఏమీ లేదు. దాని చప్పుడు విని ఏ అమ్మాయీ మేడ మీదికి రాలేదు. దాని పేరుతో సినిమా రాలేదు. ఆర్ఎక్స్ పేరుతో 2018లో వచ్చింది, ఆడింది కూడా.

యమహా వాళ్ల ఆర్ఎక్స్ నాకూ ఇష్టమే. 98 సీసీ, టూ స్ట్రోకు ఇంజను, సుమారు పదకొండు గుర్రాల శక్తి, బండి బరువు వంద కిలోల పైచిలుకు. ఆ శక్తికీ ఆ బరువుకీ ఉన్న పొత్తులోని మజా యాక్సిలరేటరు తిప్పినవాడికి తెలుస్తుంది. 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. ఆగిపోయింది కాబట్టే ఇప్పుడు నునుపుగా బాగుచేసిన ఆర్ఎక్స్‌కి లక్ష పైన చెబుతున్నారు. ఆ లక్షలోంచి ఇనుము ధర, ఇంజను ధర, రంగు ఖర్చు తీసేస్తే మిగిలేది ఎవరిదో ఇరవయ్యేళ్ల వయసు. దాన్ని కొనుక్కోవడం తప్పని నేను అనను. కానీ గిరాకీ ఉన్నచోట దొంగ సరుకు ఉంటుంది. ఒక బండి చాసిస్, ఇంకో బండి ఇంజను, మూడో బండి కాగితాలు కలిపి పెట్రోలు ట్యాంకు మీద స్టిక్కరు అంటిస్తే అదొక ఆర్ఎక్స్. చేయి తిరిగినవాడు దాన్ని పట్టుకోగలడు. తొలిసారి కొనేవాడు దాని ముందు నిలబడి ఫొటో దిగుతాడు.

ఎజ్దీ సంగతి కూడా ఆలోచించాను. ఆ బండికి నేను దణ్ణం పెడతాను. గేరు రాడ్డునే పైకి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది, ఒక్క సిలిండరుకి రెండు సైలెన్సర్లు, రెండు పక్కలా పాల క్యాన్లు కట్టినా కిమ్మనదు. మైసూరులో దాన్ని తయారుచేసిన ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. ఇప్పుడు దాని విడిభాగాలు వెతకడం ఒక తీర్థయాత్ర. పాత బుల్లెట్టుకైతే గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దానికి నన్ను నేను కొత్తగా నేర్చుకోవాలి, బండిని నేర్చుకోవడం తర్వాత సంగతి.

అక్షరాలు దిద్దుకునేవాడి చేతికి పలక ఇస్తారు, తాళపత్రం ఇవ్వరు. తొలిసారి ఇంజను విప్పేవాడు తప్పకుండా ఏదో ఒకటి విరగ్గొడతాడు. విరిగినది వీధి చివరి కొట్లో దొరకాలి. సీడీ హండ్రెడ్‌ని నేను ఎంచుకున్నది ఆ ఒక్క లెక్కతో. దాని ఇంజను 97.2 సీసీ, సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 49.5. 1994లో వచ్చిన స్ప్లెండరుకీ అవే కొలతలు. హీరో, హోండా 2010లో విడిపోవాలని నిర్ణయించుకున్నాయి గానీ ఆ కొలతలు విడిపోలేదు, ఇవాళ్టి స్ప్లెండరులోనూ అవే. అందుకని ఏ మండల కేంద్రంలోనైనా స్పేర్ పార్టుల కొట్టు ముందు నిలబడి పిస్టను సెట్టు అడిగితే, కొట్టతను తల కూడా ఎత్తకుండా “స్టాండర్డా, ఓవర్‌సైజా?” అని అడుగుతాడు. నాకు కావలసిన వైభవం అది.

ఈ బండి వచ్చిన కాలం గురించి కొంచెం చెప్పుకోవాలి. అప్పటికి మన రోడ్ల మీద రాజదూత్‌లు, ఎజ్దీలు, బుల్లెట్లు, బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూస్తేగానీ రాని బజాజ్ చేతక్‌లు. ఎనభైల నడుమ జపాను కంపెనీలు ఒకదాని వెనక ఒకటి చేతులు కలిపాయి. సుజుకీ టీవీఎస్ వాళ్లతో, యమహా ఎస్కార్ట్స్‌తో, కవాసాకీ బజాజ్‌తో, హోండా హీరో సైకిళ్ల వాళ్లతో. నలుగురూ తెచ్చింది వంద సీసీ బళ్లే. మూడు టూ స్ట్రోకులు, హోండాది ఒక్కటే ఫోర్ స్ట్రోకు. మిగతా మూడూ పరుగు అమ్మితే, ఇది లీటరుకి 80 కిలోమీటర్లు అమ్మింది. కుర్రాళ్లు అటు వెళ్లారు, సంసారులు ఇటు వచ్చారు. కొన్నాళ్లకు కుర్రాళ్లందరూ సంసారులయ్యారు.

ఆ తరం వాళ్లకి ఈ బండి ఇచ్చింది మైలేజీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. అంతకుముందు స్కూటరు ఉన్న ప్రతివాడికీ ప్లగ్గు విప్పడం వచ్చు. రాక తప్పదు. టూ స్ట్రోకు బండిలో పెట్రోలుతోపాటు ఆయిలూ కాలుతుంది, ప్లగ్గు మీద మసి కడుతుంది, కూడలి నడిమధ్యలో బండి ఆగుతుంది. స్కూటరు డిక్కీలో ప్లగ్గు స్పానరు, గరుకు కాగితం ముక్క, పాత బనియను గుడ్డ ఉండేవి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆఫీసరు సైతం రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ప్లగ్గు గీకుతూ కనిపించేవాడు. స్కూటరుని ఎడమ పక్కకి ఒరగేసి మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టడమనే తంతు ఒకటి ఉండేది. అది ఎందుకో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పేవారు. యంత్రంతో వాళ్లకి కాపురం ఉండేది, రోజూ పోట్లాడుకునేదైనా సరే.

సీడీ హండ్రెడ్ ఆ కాపురాన్ని రద్దు చేసింది. ప్లగ్గు స్పానరు అటకెక్కింది. పదేళ్లు తిరిగేసరికి, బండి ఉన్నవాడికి ప్లగ్గు ఎక్కడుంటుందో తెలియాల్సిన పనిలేకుండా పోయింది. దీన్ని నేను వెటకారంగా అనడం లేదు. మరచిపోయే సదుపాయం చిన్న వరం కాదు. ఎండలో రోడ్డు పక్కన చేతులు మసి చేసుకున్నవాణ్ని అడగండి చెబుతాడు. కానీ ఆ వరం తర్వాత పుట్టిన మనకి తెలియనివి ఎన్ని పేరుకుపోయాయో చూస్తే గుండె జారుతుంది. నీళ్ల మోటారు, మిక్సీ, ఫ్రిజ్జు, ఫోను ఎలా పనిచేస్తాయో నాకు తెలియదు. బాగున్నంతకాలం వాడతాను, పాడైతే ఎవరికో ఫోను చేస్తాను. 2020 ఏప్రిల్లో బీఎస్ సిక్స్ నిబంధన వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి కార్బురేటరు కూడా పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు మెకానిక్కు సైతం స్కానరు తగిలించి అది చెప్పింది వింటాడు. ఏదో ఒక్క యంత్రాన్నయినా మొదటినుంచి చివరిదాకా నా కళ్లతో చూసి, నా వేళ్లతో పట్టుకుని అర్థం చేసుకోవాలని కోరిక పుట్టింది. అందుకు నాలుగు స్పానర్లతో తెరుచుకునే యంత్రం కావాలి. మరచిపొమ్మని చెప్పి అమ్మిన యంత్రమే అయితే ఇంకా సరదా.

పాత బళ్ల బ్రోకర్లకి ఒక భాష ఉంది. “సింగిల్ హ్యాండ్ బండి సార్.” “డాక్టరు గారి బండి, ఆసుపత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోలేదు.” “ఇంజనుకి చెయ్యి తగల్లేదు, కంపెనీ సీలు.” బ్రోకర్లు అమ్మిన బళ్లన్నీ డాక్టర్లవే అయితే ఈ రాష్ట్రంలో రోగులే ఉండకూడదు. చివరికి నాకు బండి దొరికింది బ్రోకరు దగ్గర కాదు, తెనాలి దగ్గరి పల్లెలో ఒక రిటైరైన మాస్టారి ఇంట్లో. వాకిట్లో మెట్ల కింద, ఎరువుల గోతాం కప్పి, పక్కన మోపెడు కొబ్బరి మట్టలు ఆనించి ఉంది.

“నడవదు బాబూ” అన్నారాయన ముందే. “కొన్నప్పటినుంచి నా దగ్గరే ఉంది. ఇంజను ఎప్పుడూ విప్పించలేదు.”

నేను ఆయన మాట వింటూ ఇంజను పక్క మూతల స్క్రూల వైపు చూశాను. పాత మోటారు సైకిలు కొనేవాడికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే ఉంది: ముందు స్క్రూలు చూడాలి, తర్వాత మనుషుల మాట వినాలి. హోండా ఇంజను మూతలకి ప్లస్సు గాడి స్క్రూలు ఉంటాయి. ఆ గాడి జపాను ప్రమాణానిది. మన దగ్గర దొరికే మామూలు ప్లస్సు స్క్రూడ్రైవరు అందులో సరిగ్గా కూర్చోదు, బలంగా తిప్పితే జారి గాడిని నమిలేస్తుంది. అప్పుడు మెకానిక్కు ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పుతాడు. కాబట్టి చెయ్యి తగలని ఇంజనుకి స్క్రూ తలలు నిండుగా ఉంటాయి, తగిలినదానికి ఉలి గాట్లుంటాయి. మాస్టారి బండి స్క్రూలకి గాట్లున్నాయి. కొన్నిటికి రెండు తరాల గాట్లు.

ఇంకా చాలా కనిపించింది. ఫుట్‌రెస్టు రబ్బర్లలో ఎడమది బాగా అరిగింది, కుడిది తక్కువ. చీర గార్డు ఒకచోట ఒత్తుకుపోయి ఉంది, అక్కడ ఏళ్ల తరబడి ఒక మడమ ఆనుకుని ఉండాలి. హ్యాండిలుకి సంచి తగిలించే కొక్కెం వెల్డింగు చేయించారు. సైడు స్టాండుకి చిన్న ఇనుప బిళ్ల అతికించారు, మట్టిలో దిగబడకుండా. అంటే పొలానికి వెళ్లింది. బడికి మాత్రమే వెళ్లిన బండి కాదది. మనిషి చెప్పుకోని జీవితం బండి మీద ఇలా రాసి ఉంటుంది, చదువుకునే ఓపిక ఉంటే.

చాసిస్ నంబరు హ్యాండిలు మెడ దగ్గర, ఇంజను నంబరు ఇంజను గుల్ల మీద ఉంటాయి. రెండూ ఆర్సీతో సరిపోల్చాను. నంబరున్న చోట ఆకురాయి రాసిన జాడ ఉందేమో, అంకెల వరస వంకర పోయిందేమో వేలితో తడిమాను. బాగానే ఉంది. ఆర్సీ పాతకాలపు పుస్తకం, ప్లాస్టిక్ కవరులో, రేషన్ కార్డు పక్కన, ఇనప్పెట్టెలో దాచారు. బండిని వర్షానికి వదిలేసిన మనిషి కాగితాన్ని మాత్రం పదిలంగా ఉంచారు. మాస్టార్లు అంతే.

బేరం ఎక్కువసేపు సాగలేదు. ఆయన చెప్పిన ధర పాత ఇనుము వాడు చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువ, నేను ఇవ్వదలచుకున్నదానికన్నా కొంచెం తక్కువ. ఫారం 29, ఫారం 30 నేను వెంట తీసుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని ప్రతి గడీ చదివి సంతకం చేశారు. బండిని టాటా ఏస్‌లోకి ఎక్కిస్తుంటే మాస్టారి భార్య మజ్జిగ ఇచ్చి, “దీన్ని ఏం చేసుకుంటావు బాబూ?” అని అడిగారు. విప్పుతానండీ అన్నాను. ఆవిడ మాస్టారి వైపు చూశారు. ఆయన గోతాం మడతపెడుతున్నారు.

విజయవాడ ఆటోనగర్ అంచున ఒక చిన్న షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రితో నా ఒప్పందం వినగానే ఆయనకి నవ్వు ఆగలేదు. పని నేను చేస్తాను, ఆయన పక్కనుండి చూస్తూ చెబుతుండాలి. “బండి ఇచ్చి వెళ్లండి సార్, వారంలో తీసుకెళ్దురుగాని.” అలా కాదన్నాను. “అయితే కూలి డబలు సార్. చెయ్యడం కన్నా చూస్తూ ఊరుకోవడం కష్టం.” ఆ మాటలో ఉన్న నిజం, నేను మొదటి బోల్టుని అడ్డంగా ఎక్కించబోయినప్పుడు ఆయన మొహంలో కనిపించింది.

ఇంజను బతికుందో లేదో తెలుసుకోవడానికి ఆయన వాడిన పరికరం బొటనవేలు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద వేలు పెట్టి, నన్ను కిక్కు కొట్టమన్నారు. వేలుని గాలి తోసేస్తే సిలిండరులో దమ్ముంది. తొయ్యకపోతే రింగులో వాల్వులో పోయినట్టు. పెట్రోలు, గాలి, నిప్పు, దమ్ము. ఈ నాలుగూ ఉంటే ఏ పెట్రోలు ఇంజనైనా లేస్తుంది, ఏ ఒక్కటి లేకపోయినా లేవదు. ఇన్నేళ్లు బళ్లు నడిపి ఈ మాట నేను ఒక షెడ్డులో, నూనె డబ్బా మీద కూర్చుని విన్నాను. మా బండిలో నిప్పు ఉంది. దమ్ము అంతంతమాత్రం. పెట్రోలు దారి మాత్రం పూర్తిగా మూసుకుపోయింది. కార్బురేటరు అడుగు గిన్నెలో పాత పెట్రోలు ఎండి, తుమ్మ బంకలాగా గట్టిపడింది. జెట్టు రంధ్రాన్ని సూదితో పొడవబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నారు. ఆ రంధ్రం కొలత ఏమాత్రం పెరిగినా బండి జీవితాంతం ఎక్కువ తాగుతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి ఇచ్చారు.

పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు. దానికి మందు మన వంటింట్లోనే ఉంది. చింతపండు రసం పోసి, గుప్పెడు నట్లు వేసి, ఊపి, ఒక రాత్రి ఉంచి, మళ్లీ ఊపి కడగాలి. రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయించమన్నారు మేస్త్రి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుకి పడదు. ముప్పయ్యేళ్ల కిందటి బండికి ఇవాళ్టి తిండి పెడుతున్నామని గుర్తుండాలి.

హెడ్డు విప్పాం. పిస్టను నెత్తిన మసి మందంగా ఉంది. ఇత్తడి బ్రష్షుతో గీకితే కింద అంకెలు బయటపడ్డాయి: 0.50. అంటే ఒకప్పుడు సిలిండరు అరిగితే బోరింగు చేయించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టను వేశారు. ఇంజను ఎప్పుడూ విప్పలేదన్న మాస్టారు గుర్తొచ్చారు. ఆయన అబద్ధం చెప్పలేదని నేను ఒట్టేసి చెప్పగలను. బండి పొగ కొడుతోందని ఎప్పుడో మెకానిక్కుకి ఇచ్చి ఉంటారు, బిల్లు కట్టి తెచ్చుకుని ఉంటారు, లోపల ఏం చేశారో అడిగి ఉండరు. కంపెనీ చెప్పినట్టే చేశారు. మూత మూశారు, మరచిపోయారు. ఆ బండితో పాతికేళ్లు తిరిగిన మనిషికి తెలియని సంగతి, దానితో పది అడుగులు కూడా నడవని నాకు తెలిసింది.

నాకు అన్నిటికన్నా ఆనందమిచ్చింది ట్యాపెట్ల పని. ఎడమ పక్క మూత విప్పితే మాగ్నెట్టు చక్రం కనిపిస్తుంది, దాని మీద టీ అనే గుర్తు. ఆ గుర్తు గుల్ల మీది గీతకి ఎదురుగా వచ్చినప్పుడు పిస్టను పూర్తిగా పైన ఉన్నట్టు. అప్పుడు వాల్వులకీ రాకరు చేతులకీ నడుమ కాగితం మందం కూడా లేని సందు పెట్టి బిగించాలి. సులువే అనుకున్నాను. కానీ టీ గుర్తు రెండుసార్లు వస్తుంది! నాలుగు దశల ఇంజనులో చక్రం రెండు చుట్లు తిరిగితేగానీ ఒక ఆవృత్తి పూర్తికాదు. ఒక చుట్టులో పిస్టను పైకొచ్చేది గాలిని నొక్కడానికి, రెండో చుట్టులో పైకొచ్చేది పొగని తోసెయ్యడానికి. గుర్తు రెండిటికీ అదే. మొదటిసారి రెండు రాకర్లూ వదులుగా ఆడతాయి, అప్పుడే సందు సరిచెయ్యాలి. రెండోసారి వాల్వులు కొంచెం తెరుచుకుని ఉంటాయి, రాకరు కదలదు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, పైన రాకర్లు ఒకటి దిగి ఒకటి లేవడం చూస్తూ, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బడిలో సైన్సు మాస్టారు నాలుగు దశల బొమ్మ వేయించి, రంగులద్దించి, మార్కులు వేశారు. ఆ బొమ్మ కదులుతుందని నాకు అప్పుడు తెలియదు. మేస్త్రి టీ తాగొచ్చి, “ఇంకా తిప్పుతూనే ఉన్నారా సార్?” అన్నారు.

మోటారు సైకిలు, తత్వం అనే రెండు మాటలు పక్కపక్కన వినపడగానే చదువుకున్నవాళ్లు రాబర్ట్ పిర్సిగ్ పేరెత్తుతారు. 1974లో వచ్చిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ లో ఒక సంఘటన ఉంది. మిత్రుడి బీఎండబ్ల్యూ హ్యాండిలు వదులైతే, బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి అందులో దోపుదామంటాడు రచయిత. ఆ మిత్రుడు నొచ్చుకుంటాడు, అంత ఖరీదైన బండికి బీరు డబ్బా రేకా అని. అమెరికాలో ఆ చిక్కు ఉందేమో. మన దగ్గర నొచ్చుకునేవాడు ఎవడున్నాడు? మన బళ్లలో బీరు డబ్బా రేకేమిటి, సైకిలు ట్యూబు ముక్క, ఎం-సీలు, జడ రబ్బరు, అగ్గిపుల్ల, పాత సిమ్ కార్డు దాకా అన్నీ ఉంటాయి. నా బండిలోనే క్లచ్చు కేబులుకి గాజు పూసల దారం చుట్టి ఉంది. మన జబ్బు పిర్సిగ్ మిత్రుడి జబ్బుకి తిరగేసినది. ఏదో ఒకటి కట్టి ఈ పూటకి నడిపించేస్తాం. ఎందుకు వదులైందో అడగం. దీన్ని మన తెలివికి నిదర్శనంగా మెచ్చుకోవడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. నాకు అది తెలివిగా కనిపించదు, ఇంకో రకం మరపుగా కనిపిస్తుంది. కట్టిన దారం విప్పి, కేబులు ఎక్కడ రాసుకుంటోందో చూసి, ఆ మలుపు సరిచేస్తే కొత్త కేబులు ఏళ్ల తరబడి ఉంటుంది. మా మేస్త్రి దారం చూసి నవ్వలేదు, తిట్టారు.

బండి మొదటిసారి స్టార్టయిన ఘట్టం గురించి ఇలాంటి వ్యాసాల్లో ఒక పేజీ రాయడం ఆనవాయితీ. నేను రాయను. స్టార్టయింది, పొగ కొట్టింది, పక్క షెడ్డువాళ్లు దగ్గారు. సిలిండరు మళ్లీ బోరింగు చేయించి ముప్పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టను వేశాం, టైమింగు చైను మార్చాం, పొగ తగ్గింది. రంగు వేయించలేదు. చీర గార్డు సొట్ట తీయించలేదు.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది, అది ఆర్టీవో ఆఫీసులో. మోటారు సైకిలు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకి. ఆ తర్వాత ఫారం 25 పెట్టి ఐదేసి ఏళ్లకి పొడిగించుకోవాలి. బండిని తీసుకెళ్లి చూపించాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. పొడిగింపు రుసుము 300 రూపాయలుండేది, 2022 ఏప్రిల్లో దాన్ని 1000 చేశారు. మా మాస్టారు మధ్యలో కొన్నేళ్లు పొడిగింపు వదిలేశారు కాబట్టి జరిమానా సరేసరి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి, ఆ ప్రింటు దరఖాస్తుకి అతికించాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు బండి చుట్టూ తిరిగి, హారను కొట్టించి, ఇండికేటర్లు వేయించి, చివరికి, “మా నాన్నకి ఇదే ఉండేది” అన్నారు. ఆ మాట మినహా ఆయన ఎక్కడా మెత్తబడలేదు, వెనక లైటు సరిచేసుకుని మళ్లీ రమ్మన్నారు.

లెక్క చెప్పమంటే చెబుతాను. ఈ బండి మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. దీన్ని ఎవరైనా కొనాలన్నా నేను అడిగే ధర ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆర్ఎక్స్ అయితే వచ్చేది. పొదుపు కోసం, లాభం కోసం పాత బండి కొనేవాళ్లు నడిచే బండే కొనుక్కోవాలి, అందులో చిన్నతనం లేదు. పిల్లవాడికి కాలేజీకి బండి కావాలంటే ప్రాజెక్టు పేరు చెప్పి వాడి నెత్తిన నడవనిది పెట్టకండి. విప్పడమే కావాలనుకునేవాడికి మాత్రం ఇంతకన్నా చవకైన చదువు నాకు తెలియదు.

మీ ఇంట్లోనో మీ పెదనాన్న గారింట్లోనో మెట్ల కింద ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పాత ఇనుము వాడిని పిలిచే ముందు ఆర్సీ ఎక్కడుందో వెతికించండి. బండి ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఉండగానే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోండి. ఆయన పోయాక అయితే అది ఫారం 31, వారసుల కాగితాలతో ఆఫీసు చుట్టూ ఇంకో నాలుగు తిరుగుళ్లు.